వారం వారం ఏం చూడాలి, ఏం చదవాలి: పది పేర్లు వద్దు, మూడు చాలు

తమ్మీ, నీ ప్రశ్న ముందు నలుగురికీ అర్థమయ్యేటట్టు చెప్తా. దేవరకొండలో మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో, పక్కనున్న రీడింగ్ రూమ్ నోటీసు బోర్డు మీద ప్రతి శనివారం పొద్దున ‘ఈ వారం చూడండి, చదవండి’ అని పది పేర్లు పెడుతున్నావు. గ్రూపులో 140 మంది. నాలుగు నెలలైంది. బొటనవేళ్లు, దండాలు మస్తు వస్తున్నాయి గానీ ఒక్కరు చూసింది లేదు, ఒక్క పుస్తకం బీరువాలోంచి కదిలింది లేదు. తప్పు ఎక్కడుందో, మన నల్లగొండ, పాలమూరు దిక్కు సరుకు కలపాలంటే ఏవి కలపాలో చెప్పమన్నావు.

నువ్వు జతచేసిన జాబితాలో తొమ్మిది ఆ శుక్రవారం ఓటీటీలో దిగినవి, పదోది 400 పేజీల నవల. అది పేపర్లో సినిమా పేజీ చేసే పని, సిఫారసు కాదు. అంగట్లో ఉన్న కూరగాయల పేర్లన్నీ చదివితే ఇంట్లో కూర కాదు గదా. ఫలానా మనిషికి, ఈ ఆదివారం దొరికే తీరికలో, చేతిలో ఉన్న ఫోన్లో నడిచేది ఏదో ఒకటి తీసి చేతిలో పెడితే అది సిఫారసు. కాబట్టి వారానికి మూడే: చూసేది ఒకటి, చదివేది ఒకటి, పది పదిహేను నిమిషాల్లో ఒడిసేది ఒకటి. మూడు దాటితే ఏరుకునే పని మళ్లీ చదివేవాళ్ల నెత్తిన పడ్డట్టే, వాళ్లు దండం పెట్టి ఊరుకుంటారు. కొత్త విడుదల నెలకు ఒకటి చాలు. దాని సంగతి నువ్వు చెప్పకపోయినా పోస్టరు చెప్తది.

ముందు టైము లెక్క. ఏ సినిమా అయినా నిడివి నిమిషాల్లో రాయి. ‘రెండున్నర గంటలు’ అని రాసినచోట అది 148 నిమిషాలా, 165 నిమిషాలా అనేది తేడానే. పత్తి ఏరే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, నాట్ల కాలంలో జులై, ఆగస్టుల్లో పొద్దుగూకినంక ఇంటికి చేరి, వంట చేసి, తిని కూర్చునేసరికి ఎనిమిదిన్నర. పదికి నిద్ర ముంచుకొస్తది. ఆ నెలల్లో 95 నిమిషాలు దాటినదాన్ని పెట్టకు, పెడితే రెండు ముక్కలుగా చెప్పు. ‘మొదటి రోజు ఇంటర్వెల్ దాకా’ అని రాస్తే చాలు, జనం భయపడరు. ఎండాకాలం సెలవులు లావు పుస్తకాలకు, పొడుగు సినిమాలకు. చెరువుగట్టు జాతర, కురుమూర్తి జాతర, పెద్దగట్టు లింగమంతుల జాతర నడిచే వారాల్లో చుట్టాలు ఇంటి నిండా ఉంటారు, అప్పుడు ఆ పొట్టి ముక్క ఒక్కటే పంపు. బతుకమ్మ తొమ్మిది రోజులు అసలు ఏమీ పంపకపోయినా తప్పులేదు.

చదివేదానికీ ఇదే లెక్క. గడియారం ముందు పెట్టుకుని ఆ పుస్తకంలో మూడు పేజీలు మామూలుగా చదువు. పేజీకి రెండున్నర నిమిషాలు పట్టిందనుకో, గంటకు 24 పేజీలు. పడుకునే ముందు ఇరవై నిమిషాలు, వారంలో ఆరు రోజులు చదివే మనిషికి రెండు గంటలు దొరుకుతాయి, అంటే 48 పేజీలు. కాబట్టి వారం సిఫారసు 50 పేజీల లోపే ఉండాలి: ఒక కథ, ఒక అధ్యాయం, ఒక ముచ్చట. 400 పేజీల నవల పెట్టడమంటే రెండు నెలల పని ఇచ్చి సోమవారం ‘చదివారా’ అని అడిగినట్టు. చిన్న అక్షరాల పాత అచ్చు పుస్తకమైతే పేజీకి నాలుగు నిమిషాలు కూడా పడతది, అందుకే ఆ పుస్తకంతోనే కొలువు, అందాజు వేయకు.

తర్వాత డేటా. మన దిక్కు సగం మంది చూడకపోవడానికి అసలు కారణం ఇదే, దీన్ని ఎవరూ రాయరు. నెట్‌ఫ్లిక్స్ ప్రొఫైల్ సెట్టింగుల్లో వాడకం ‘తక్కువ’ పెడితే గంటకు 0.3 జీబీ, ‘మధ్యస్థం’ అయితే 0.7 జీబీ, ‘ఎక్కువ’ పెట్టి హెచ్‌డీలో చూస్తే 3 జీబీ దాకా పోతది. రోజుకు 1.5 జీబీ ప్యాకు ఉన్న ఇంట్లో మధ్యస్థంలో రెండున్నర గంటల సినిమా పెడితే 1.75 జీబీ కావాలి. రెండు గంటలు దాటి, సరిగ్గా క్లైమాక్స్ షురూ అయ్యేటప్పటికి డేటా ఒడుస్తది, జియో అయితే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతది, తెర మీద గుండ్రం తిరుగుడు మొదలు. మరునాడు ఆ చివరి ఇరవై నిమిషాలు చూసేవాళ్లు తక్కువ. సినిమా బాగాలేదనే పేరు మాత్రం నీకొస్తది.

దీనికి రెండు మందులు. నెట్‌ఫ్లిక్స్ ఫోన్ యాప్ సెట్టింగుల్లో మొబైల్ డేటాకు ‘సేవ్ డేటా’ ఎంచుకుంటే ఒక్క జీబీతో ఆరు గంటల దాకా నడుస్తది; ఆరు అంగుళాల ఫోను తెర మీద ఆ బొమ్మ సరిపోతది, టీవీకి వేస్తే మసకగా ఉంటది. రెండోది, రోజువారీ డేటా అర్ధరాత్రికి మళ్లీ మొదటికి వస్తది కాబట్టి రాత్రి పదిన్నరకు ఆ రోజు మిగిలిన డేటాతో డౌన్‌లోడ్ పెట్టి, మరునాడు డేటా ఖర్చు కాకుండా చూడొచ్చు. డౌన్‌లోడ్ నాణ్యత ‘స్టాండర్డ్’లో ఉందో లేదో ముందు చూడమను, లేకుంటే ఫోను నిండిపోయి పెండ్లి ఫొటోలు తీసెయ్యమని అడుగుతది. ఈ రెండు మాటలూ ఒకసారి విడిగా పంపి గ్రూపు పైన పిన్ చేసిపెట్టు.

ఇప్పుడు పరీక్ష. గురువారం కూర్చుని, పెట్టబోయేదాన్ని నీ ఫోన్లో నడిపి చూడు. ‘ఫలానా యాప్‌లో ఉందట’ అనే మాట మీద రాయకు. హక్కులు చేతులు మారుతుంటాయి, నిరుడు ఉన్నది ఈ ఏడు ఉండదు. నడిపేటప్పుడు మొదట్లో కాదు, నడిమిట్ల పది నిమిషాలు చూడు. తెలుగు ఆడియో నిజంగా ఉందా, లేక పేరు మాత్రం తెలుగులో ఉండి మాట హిందీలో వస్తున్నదా తేలిపోతది. సబ్‌స్క్రిప్షన్‌లో ఉన్నదా, అద్దెకా చూడు. అద్దె అయితే సాధారణంగా డబ్బు కట్టిన నాటినుంచి 30 రోజుల్లో మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక 48 గంటల్లో ముగించాలి. ఇది చెప్పకుండా ‘ప్రైమ్‌లో ఉంది’ అని రాస్తే, నెల డబ్బులు కట్టినాయన, యాప్ మళ్లీ డబ్బులు అడిగేసరికి నీ మీద పడ్తడు.

యూట్యూబ్‌లో పాత సినిమాలు చూపేటప్పుడు ఇంకా జాగ్రత్త. బొమ్మ అద్దంలో చూసినట్టు తారుమారైనా, నాలుగు పక్కలా అంచులు కోసేసినా, గొంతులు పిల్లల గొంతుల్లాగ సన్నగా వినిపించినా అది హక్కులు లేనివాళ్లు, దొంగ కాపీలను పట్టే యూట్యూబ్ యంత్రానికి దొరక్కుండా ఎక్కించిన కాపీ. ఈ వారం ఉంటది, వచ్చే వారం ఉండదు. సీన్లు కూడా మాయమై ఉంటాయి. నిర్మాణ సంస్థదో, హక్కులు కొన్న కంపెనీదో ఛానెల్ అయితేనే లింకు పెట్టు. ‘టెలిగ్రామ్‌లో ఉంది అన్నా’ అని గ్రూపులో ఎవరన్నా అంటే ఆపెయ్. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టంలో సినిమాను దొంగతనంగా రికార్డు చేయడానికి, ప్రసారం చేయడానికి మూడు నెలల నుంచి మూడేండ్ల జైలు, 3 లక్షల నుంచి మొదలయ్యే జరిమానా ఉంది. గ్రూపు అడ్మిన్‌వి నువ్వు, ఆ కిరికిరి నీకెందుకు.

పేరు పక్కన ఏడాది తప్పక రాయి. ‘దాసి’ అని ఉత్తగ రాస్తే 1952లో వచ్చిన ఎన్టీఆర్ సినిమా తెరుస్తారు, నువ్వు చెప్పింది 1988 నాటిది. పుస్తకాల్లోనూ ఈ గోల ఉంది. ‘వీర తెలంగాణ’ తెమ్మంటే రెండున్నాయి: రావి నారాయణరెడ్డి రాసిన ‘వీర తెలంగాణ: నా అనుభవాలు, జ్ఞాపకాలు’, పుచ్చలపల్లి సుందరయ్య రాసిన ‘వీర తెలంగాణ విప్లవ పోరాటం, గుణపాఠాలు’. లైబ్రేరియన్ చేతికి ఏది దొరికితే అది ఇస్తడు.

వయసు సంగతి ఒక్క మాట. 2024 నవంబర్ నుంచి సెన్సారు సర్టిఫికెట్లలో యూఏ మూడు రకాలైంది: 7 దాటినవాళ్లకు, 13 దాటినవాళ్లకు, 16 దాటినవాళ్లకు. కొత్తవాటికి ఆ అంకె రాస్తే చాలు. పాత సినిమాలకు ఆ విభజన లేదు గనక ‘పిల్లల్ని పడుకోబెట్టి చూడండి’ అనో, ‘అందరూ కూర్చుని చూడొచ్చు’ అనో నీ మాటల్లో చెప్పాలి. ఇది తప్పితే వచ్చే ఫోన్లు ఇంకే తప్పుకూ రావు.

పీడీఎఫ్‌ల గురించి నువ్వు అడగలేదు గానీ నీ జాబితాలో లింకులు కనపడ్డాయి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏండ్లు కాపీరైటు నడుస్తది. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆయన రచనలు 2014 నుంచి అందరివీ. వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు, 2022 నుంచి అందరివీ. దాశరథి రంగాచార్య 2015లో పోయారు గనక ‘చిల్లర దేవుళ్లు’ పీడీఎఫ్ 2075 చివరిదాకా పంచకూడదు, కొనమనాలి లేదా లైబ్రరీలో తీసుకొమ్మనాలి. పాత పుస్తకానికి కొత్త ప్రచురణకర్త రాయించిన ముందుమాట, చేర్చిన వివరణలకు హక్కులు వేరే ఉంటాయి, కాబట్టి స్కాను పాత ముద్రణదే కావాలి. తెలుగు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండూ వెతుకు. ఆర్కైవ్‌లో తెలుగు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు రాసి ఉంటాయి, ఒక పేరును మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో వెతికితే గానీ తగలదు. తగిలాక పేజీలు వరుసగా ఉన్నాయా, నడుమ మాయమైనవి ఉన్నాయా చూసి, ‘స్కాను 57వ పేజీ నుంచి మొదలుపెట్టండి’ అని అంకెతో చెప్పు. స్కానులో కనపడే అంకె, పుస్తకం మీద అచ్చైన అంకె ఒకటి కావు, రెండూ రాయి.

రాసే తీరు. ఇక్కడే సగం పని ఉంది. నీ జాబితాలో ‘మల్లేశం: స్ఫూర్తిదాయకమైన కథ, తప్పక చూడాల్సిన చిత్రం’ అని ఉంది. ఈ మాట ఏ సినిమాకైనా అతుకుతది, అందుకే దేనికీ అతకదు. ఆ సినిమాలో ఉన్న వస్తువును ఒకటి పట్టుకో. 2019లో వచ్చిన ఆ సినిమా ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం చేసిన ఆసు యంత్రం గురించి. ఆసు పోయడమంటే, చీర నేసే ముందు, అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న పుల్లలకూ ఎదురుగా ఉన్న ఒక్క పుల్లకూ మధ్య, చెయ్యి బారుగా చాపి దారాన్ని అటూ ఇటూ తిప్పుడు. ఒక చీరకు దాదాపు 9 వేలసార్లు. ఇది ఇంట్లో ఆడవాళ్ల పని, రోజుకు రెండు చీరలంటే 18 వేలసార్లు, భుజం పడిపోతది. అమ్మ భుజం నొప్పి చూడలేక కొడుకు యంత్రం చేసిండు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఇట్ల రాయి: ‘పోచంపల్లి చీర కట్టుకున్నవాళ్లు ఆ చీర కోసం ఒక చెయ్యి 9 వేలసార్లు ఆడిందని తెలుసుకుని చూడండి.’ కథ బయటపడలేదు, పొగడ్త లేదు, చీర ఉన్న ప్రతి ఇంట్లో ఒకరన్నా తెరుస్తారు.

ఒక వారం మెసేజ్ మొత్తం ఎట్లుండాలో కింద రాసి చూపిస్తా. 1988 నాటి ‘దాసి’ చుట్టూ అల్లినది.

“చూసేది: దాసి (1988), దర్శకుడు బి. నర్సింగరావు. 94 నిమిషాలు. నిజాం కాలం నాటి గడి, అంటే దొర ఉండే పెద్ద ఇల్లు. దొరసానితో పాటు అరణంగా, అంటే పెండ్లి కానుకల్లో ఒకటిగా వచ్చిన ఆడపిల్ల కథ. మాటలు తక్కువ, నెమ్మదిగా పోతది. మొదటి ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. పిల్లల్ని పడుకోబెట్టి చూడండి. అందులో బట్టలు గమనించండి: వాటికి జాతీయ అవార్డు తెచ్చిన సుదర్శన్ మన మిర్యాలగూడ మనిషి.
చదివేది: వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ నుంచి ఒక్క కథ, మొదటిది. రచయిత నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టినవాడు. రీడింగ్ రూమ్‌లో కిటికీ పక్క బీరువా, రెండో అర.
పది నిమిషాలకు: మీ ఇంట్లో ముసలివాళ్లను ‘నాగు’ అంటే ఏందో అడగండి. సోమవారం చెప్పండి.”

చూసే చోటు పేరు కావాలనే రాయలేదు, గురువారం నువ్వు నడిపి చూసిన యాప్ పేరు, డబ్బుల సంగతి నిడివి పక్కన చేర్చు. ‘నెమ్మదిగా పోతది’ అన్న మాట చూశావా, ఆ మాట దాచకూడదు. నెమ్మదని ముందే చెప్పిన సినిమాను జనం ఓర్చుకుంటారు, చెప్పకపోతే పదో నిమిషంలో ఆపి, మళ్లీ నీ మాట నమ్మరు. అట్లనే ‘అయిదు జాతీయ అవార్డులు’ అని మొదటి లైన్లో రాయకు. ఆ సినిమాకు వచ్చిన మాట నిజమే, అర్చనకు ఉత్తమ నటి కూడా అందులోదే, కానీ అవార్డు అనగానే మన దిక్కు చాలామంది ‘అర్థం కాని సినిమా’ అనుకుంటారు. సుదర్శన్ బట్టల మాట వేరు. ఆ సినిమా తర్వాత ఆయనను దాసి సుదర్శన్ అనే పిలిచిన ఊరు మనది, దానికి చూస్తారు.

నాగు సంగతి ఎందుకంటే, ఆ సినిమాలోనూ ఆ కాలపు రచనల్లోనూ వచ్చే మాటలు ముప్పై ఏండ్ల లోపువాళ్లకు తెలియవు. గడి, వెట్టి, బాంచెన్, పట్వారీ, మాలీ పటేలు, నాగు. నాగు అంటే తినడానికో, విత్తనానికో తెచ్చుకున్న వడ్లను పంట వచ్చినంక మిత్తి వడ్లతో కలిపి కొలిచి ఇచ్చుడు. ఇట్లాంటి మాటలు వారానికి అయిదుకు మించకుండా విప్పి చెప్పు. పెద్ద పదకోశం పెడితే మళ్లీ బడి అయితది.

మన దిక్కు సరుకులో ఏది ఎట్ల వాడాలో నాకున్న అభిప్రాయం చెప్తా.

సురవరం ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను పూర్తి పుస్తకంగా ఎప్పుడూ పెట్టకు. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ అవార్డు దానికే, అందుకే అందరి బీరువాల్లో ఉంటది, ఎవరూ తెరవరు. కాలాల వారీగా అధ్యాయాలున్నాయి, కాకతీయుల అధ్యాయం ఒక్కటి తీసుకో. రాజులు, యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏం ఆటలాడిండ్రు అని పాల్కురికి సోమన కావ్యాల్లోంచి, క్రీడాభిరామంలోంచి ఏరి చెప్తడు. అందులోంచి ఆటల మీదున్న భాగం ఒక వారం, తిండి మీదున్నది ఇంకో వారం. భాష పాతది, ‘యుండెను’ అనే తీరు. మొదటి రెండు పేజీలు నువ్వు చదివి ఆడియోగా పెడితే తర్వాత వాళ్లే లాక్కుపోతారు.

ఆయనదే 1934 నాటి ‘గోలకొండ కవుల సంచిక’ చదివే పుస్తకం కాదు, వెతికే పుస్తకం. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల పద్యాలు వేశారు. ‘మీ ఊరి కవి ఉన్నడా చూడండి’ అని ఒక్క లైను రాసి, స్కాను లింకు పెట్టు. ఆలంపురం, వనపర్తి, దేవరకొండ, భువనగిరి, ఎవరి ఊరు వాళ్లు వెతుక్కుంటారు. పద్యం అర్థం కాకపోయినా పేరు దొరికితే చాలు. పది నిమిషాల పొట్టి ముక్కగా పెట్టడానికి దీనికి మించినది లేదు. దాని పక్కనే, నల్లగొండ నుంచి 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నడిపిన ‘నీలగిరి పత్రిక’ సంగతి నాలుగు లైన్లు రాయొచ్చు. సురవరం గోలకొండ పత్రిక 1926లో మొదలైంది, అంతకు నాలుగేండ్ల ముందే మన నల్లగొండలో తెలుగు పత్రిక ఉండె.

గోరటి వెంకన్న పుస్తకం పెట్టినప్పుడు ముందు వినేది ఇవ్వు, తర్వాత చదివేది. నాగర్‌కర్నూల్ దిక్కు గౌరారం మనిషి, ‘వల్లంకి తాళం’కు 2021 సాహిత్య అకాడమీ వచ్చింది. పాటగా పుట్టినదాన్ని కాగితం మీద మొదలుపెడితే నడక పట్టుబడదు. 2002లో ‘కుబుసం’ సినిమాలో వచ్చిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పొద్దున ఆడియో పెట్టి, సాయంత్రం పుస్తకంలోంచి రెండు పాటల పేజీ నంబర్లు ఇవ్వు.

‘మా భూమి’ 1979ది, రెండున్నర గంటలు దాటుతది, రెండు రాత్రుల పని. కిషన్ చందర్ ఉర్దూ నవల దానికి ఆధారం, గౌతమ్ ఘోష్ తీసిండు. ‘బండెనక బండి గట్టి’ పాట అందరికీ నోటికొస్తది, కానీ తెర మీద గద్దర్ పాడేది చూసినవాళ్లు తక్కువ. అదే నీ ఒక్క లైను. దాని పక్కన చదవడానికి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పినవి, ఎవరి ముచ్చట వాళ్లది విడిగా ఉంటది, కాబట్టి వారానికి ఒక మనిషి ముచ్చట చొప్పున నెలల తరబడి నడపొచ్చు. ఆ పోరాటంలోనే ఉన్న మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చింది, మాట్లాడినట్టే ఉంటది, చదువు మానేసి ఏండ్లైన ఆడవాళ్లకు నేను మొదట చెప్పేది అదే. ఆమె పుట్టిన ఊరు, సూర్యాపేట దిక్కు కరివిరాల కొత్తగూడెం పేరు వినగానే చుట్టరికాలు బయటికొస్తాయి.

పోరాటం పుస్తకాల్లో ఒక ముల్లు ఉంది. 1948లో పోలీసు చర్య తర్వాత పోరాటం సాగించడం సరైనదా కాదా అన్న దగ్గర రావి నారాయణరెడ్డి మాట ఒకటి, సుందరయ్య మాట ఒకటి. గ్రూపులో సీపీఐ, సీపీఎం రెండు పార్టీల ఇండ్లూ ఉంటాయి. ఒక్క పుస్తకమే పెడితే ఇంకో ఇంటివాళ్లు నిన్ను ఆ పార్టీలో కలిపేస్తారు. రెండింట్లోనూ ఆ కాలం మీదున్న అధ్యాయాలు మాత్రం ఒకే వారం పెట్టి, పేజీలు రాసి, నీ తీర్పు రాయకుండా ఊరుకో. ‘గ్రూపులో వాదన వద్దు, ఆదివారం రీడింగ్ రూమ్‌లో మాట్లాడుకుందాం’ అని చివర చేర్చు.

పాలమూరు వలసల మీద పి. సాయినాథ్ 2003లో మహబూబ్‌నగర్ నుంచి ముంబై పోయే బస్సు గురించి రాసిన రిపోర్టు పొట్టిది, పది నిమిషాలు. ఆయనే 2014లో మొదలుపెట్టిన పరీ వెబ్‌సైటులో పల్లె బతుకుల మీద వ్యాసాలు తెలుగులోనూ ఉచితంగా ఉంటాయి. అక్కడ భాషను తెలుగుకు మార్చి, ఫొటోలు ఎక్కువున్న వ్యాసం ఏరుకో. ఫోన్లో చదివేవాళ్లకు ఫొటో నడుమ నడుమ రావాలి.

రీడింగ్ రూమ్ సంగతి. పుస్తకం పేరు బోర్డు మీద రాసి, పుస్తకం బీరువాలో తాళం కింద ఉంటే లాభం లేదు. ఆ వారం పుస్తకాన్ని బల్ల మీద, పేజీ దగ్గర కాగితం పెట్టి తెరిచి ఉంచు. ఒకటే కాపీ ఉంటే ఇంటికి ఇవ్వకు, మూడు రోజులు బల్ల మీదే. జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖల నుంచి తెప్పిస్తుంటే, అక్కడ డ్యూయీ లెక్కన, అంటే ఒక్కో విషయానికి ఒక్కో అంకె ఇచ్చి సర్ది ఉంటే తెలుగు సాహిత్యం 894.827 దగ్గర, మన చరిత్ర 954.84 దగ్గర, జీవిత చరిత్రలు 920ల్లో వెతుకు. ‘నా మాటే తుపాకీ తూటా’ చరిత్ర అరలో లేదంటే పుస్తకం లేదని కాదు. చిన్న శాఖల్లో ఈ లెక్క ఉండదు, వచ్చిన వరుస నంబరే ఉంటది, అక్కడ రిజిస్టరు అడగాలి. చాలా శాఖలకు శుక్రవారం సెలవు, పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే తెరుస్తారు. కాబట్టి పుస్తకం గురువారం సాయంత్రానికే నీ చేతిలో ఉండాలి. ఊరి ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. లేని పుస్తకం తెప్పించమని రాతపూర్వకంగా అడగడానికి మొహమాటపడకు.

పంపే టైము శనివారం పొద్దున కాదు, శుక్రవారం రాత్రి ఏడున్నర. శనివారం పొద్దున పనికి పోయే తొందరలో చూసిన మెసేజ్ మధ్యాహ్నానికి గుడ్ మార్నింగుల కింద పూడిపోతది. అదే మెసేజ్‌ను నలభై సెకన్ల వాయిస్‌గా కూడా పెట్టు. పెద్దవాళ్లు చదవరు, వింటరు.

సోమవారం అడిగే ప్రశ్న మార్చు. ‘నచ్చిందా’ అంటే అందరూ నచ్చిందనే అంటరు. ‘ఎక్కడ ఆపిండ్రు’ అని అడుగు. ‘ఇరవయ్యో నిమిషం’ అని ముగ్గురంటే సినిమా నెమ్మది, ‘రెండు గంటల దగ్గర’ అంటే డేటా, ‘తెరవనే లేదు’ అంటే నీ లైను సప్పగుంది. నోటుబుక్కులో తేదీ, పేరు, నిడివి, ఎంతమంది మొదలుపెట్టిండ్రు, ఎక్కడ ఆపిండ్రు, ఈ అయిదు గళ్లు చాలు. పది వారాలకు మీ కాలనీకి ఏది నడుస్తదో ఆ నోటుబుక్కే చెప్తది. 140 మందిలో మొదటి నెల ఆరుగురు పూర్తి చేస్తే అది తక్కువ అనుకోకు.

రచయితలు, లోకల్ కవులు తమ పుస్తకం పెట్టమని అడుగుతరు, అడగడం వాళ్ల హక్కు. ‘ఉచితంగా కాపీ ఇస్తే బల్ల మీద పెడ్తం, సిఫారసు మాత్రం చదివినంకే’ అని మొదటి రోజే బోర్డు మీద రాసి పెట్టుకో. ఒక్కసారి మొహమాటానికి పెట్టినవా, వచ్చే వారం ఇద్దరు వస్తరు.

నీ చివరి ప్రశ్న, రీడింగ్ రూమ్‌లో టీవీ పెట్టి ఓటీటీ సినిమా అందరికీ వేయొచ్చా అని. వేయొద్దు. ఆ సబ్‌స్క్రిప్షన్ ఇంట్లో సొంతానికి చూసుకోవడానికే ఇస్తరు, టికెట్ లేకున్నా పదిమందిని పిలిచి వేస్తే అది బహిరంగ ప్రదర్శనే. హక్కులున్న నిర్మాతకో, దర్శకుడికో లెటర్ రాసి అనుమతి తీసుకో. ఊరు, తేదీ, ఎంతమంది వస్తరు, టికెట్ లేదు అన్న నాలుగూ అందులో ఉండాలి. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు గనక ‘మా భూమి’ లాంటిది సంక్రాంతికి వేయాలనుకుంటే దసరాకే లెటర్ పడాలి.